నొసటి వ్రాతా, ఈస్టు సాక్ష్యమూ

1

తలరాత అనే మాట మన జనజీవితంలో ఎంత లోతుగా పాతుకుపోయిందో వేరే చెప్పనక్కరలేదు. పంట పోయినా తలరాతే, కూలి చాలకపోయినా తలరాతే, బిడ్డ చదువు మానినా తలరాతే. రాసినవాడు బ్రహ్మ, చెరిపే శక్తి ఎవరికీ లేదు. భూస్వామ్య సమాజం తన అసమానతల్ని కాపాడుకోడానికి ఇంతకంటె చౌకగా దొరికే కావలివాణ్ణి ఎన్నడూ సంపాదించలేదు.

విజ్ఞానశాస్త్రం పెరిగినకొద్దీ ఈ భావం తనంతట తానే నశిస్తుందని మన ముందుతరం వాళ్లు చాలామంది ఆశించారు. అది నశించలేదు. వేషం మార్చుకుంది. బ్రహ్మ స్థానంలో జన్యువును కూర్చోబెట్టింది. తెలివితేటలు జన్యువుల్లోనే ఉంటాయి, నేరబుద్ధి జన్యువుల్లోనే ఉంటుంది, ఫలానా కులంలో పుట్టినవాడికి ఫలానా చదువు అబ్బదు, అని ఈనాడు మాట్లాడేవాళ్లు పురాణం విప్పరు. శాస్త్రం పేరు చెబుతారు. తరగతి గదిలో కూడా ఈ మాట వినిపిస్తుంది. వెనకబెంచీ కుర్రవాణ్ణి చూపించి, “వాడి రక్తమే అంత” అనే ఉపాధ్యాయులు మన మధ్య లేకపోలేదు.

దీనికి జవాబుగా అభ్యుదయ శిబిరంలో మరొక ధోరణి కూడా తలెత్తిన మాట దాచవలసింది కాదు. వంశపారంపర్యం అన్నదే అబద్ధమనీ, పరిస్థితుల్ని మార్చితే జీవి స్వభావం మనం కోరినట్టల్లా మారుతుందనీ వాదించిన ధోరణి అది. ఒకటి జీవిని రాతకు బానిసను చేస్తే, రెండవది రాతే లేదన్నది. ఈ రెండూ తప్పే. ఈ మాట నిరూపించింది ఏ తత్త్వవేత్తో కాదు. రొట్టెను పొంగించేదీ, తాటికల్లునూ ఈతకల్లునూ పులియబెట్టే సూక్ష్మజీవులలో ముఖ్యమైనదీ అయిన ఈస్టు. అందులోని ఒకానొక జన్యువు చరిత్ర ఈ వ్యాసానికి విషయం. ఆ జన్యువుకు రెండు పేర్లున్నాయి: అమెరికాలో పెట్టిన పేరు ఎస్.టి.హెచ్.1, జపానులో పెట్టిన పేరు ఎన్.పి.ఎస్.1. అది లేకపోతే ఈస్టు కణం రెండుగా చీలలేదు. ఎందుచేత చీలలేదు అన్న ప్రశ్నలోనే అసలు విషయమంతా ఉంది.

2

ఈస్టు ప్రాణి అన్న సంగతే మనిషికి ఆలస్యంగా తెలిసింది. వేల ఏళ్లుగా సారా కాచినవాళ్లకూ, రొట్టె కాల్చినవాళ్లకూ పని తెలుసు. పనిచేసేది ఎవరో తెలియదు. 1837 ప్రాంతంలో ఫ్రాన్సులో కన్యార్ ద లా తూర్, జర్మనీలో ష్వాన్, క్యూట్జింగ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఈస్టు జీవమున్న పదార్థమని చెప్పారు. ఆనాటి రసాయనశాస్త్ర పెద్దలు లీబిగ్, వోలర్ దీన్ని సహించలేదు. 1839లో తమ పత్రికలోనే, రచయిత పేరు లేకుండా, ఒక ఎగతాళి వ్యాసం వేశారు. ఈస్టు అంటే నోరూ కడుపూ ఉన్న జంతువట, చక్కెర తిని సారాయి విసర్జిస్తుందట! పులియడం కేవలం రసాయన చర్య అన్నది వాళ్ల వాదం.

1857 మొదలు పాస్తర్ చేసిన ప్రయోగాలతో, జీవకణం లేనిదే పులియడం లేదన్న పక్షం గెలిచింది. ఐతే ఆ గెలుపు కూడా ఆఖరి మాట కాలేదు. 1897లో బుక్నర్ ఈస్టు కణాల్ని నూరి, పిండి, ప్రాణంలేని ఆ రసం చేతనే చక్కెరను పులియబెట్టాడు. అంటే లీబిగ్ చెప్పిన రసాయన చర్య నిజమే. పాస్తర్ చెప్పిన జీవకణమూ నిజమే. ఆ రసాయన చర్యను జరిపే పదార్థాన్ని తయారుచేసేది జీవకణం. రెండు ఏకపక్ష సత్యాలు ఘర్షణపడి, రెంటినీ ఇముడ్చుకున్న మూడవ సత్యానికి దారి తీసిన తీరును పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ఇదే వరస మనకు ముందు ముందు మళ్లీ ఎదురౌతుంది.

జీవకణాన్ని కనుక్కోవడాన్ని, శక్తి రూపాంతర సిద్ధాంతంతోనూ డార్విన్ పరిణామవాదంతోనూ కలిపి, పందొమ్మిదవ శతాబ్దపు మూడు మహా ఆవిష్కరణలలో ఒకటిగా ఎంగెల్స్ లెక్కించాడు. ఆ కణంలోపలి సంగతులు కూడా ఆ రోజుల్లోనే బయటపడసాగాయి. 1869లో మీషర్ అనే యువకుడు, ఆసుపత్రి కట్లకు అంటిన చీములోని కణాల కేంద్రకాల నుంచి ఒక కొత్త పదార్థం తీశాడు. మనం నేడు డి.ఎన్.ఎ. అంటున్నది అదే. కేంద్రకంలో రంగును పట్టే పదార్థానికి ఫ్లెమ్మింగ్ క్రొమాటిన్ అని పేరు పెట్టాడు. కణం చీలేటప్పుడు అది పోగులుగా విడివడి రెండు వైపులకూ పంపకం కావడాన్ని 1882 నాటి తన గ్రంథంలో బొమ్మలు గీసి చూపించాడు. 1884లో కొస్సెల్ ఆ కేంద్రకంలోనే హిస్టోన్లు అనే ప్రోటీన్లను గుర్తించాడు. ఇలా నాటకంలోని పాత్రలందరూ పదిహేనేళ్లలో రంగస్థలం మీదికి వచ్చేశారు. వాళ్లకు పరస్పరం ఉన్న సంబంధం తెలియడానికి మాత్రం ఇంకో తొంభై ఏళ్లు పట్టింది.

ఈస్టుకు లైంగిక జీవితచక్రం ఉన్నదనీ, దాన్ని సంకరం చేసి వంశపారంపర్యాన్ని పరిశీలించవచ్చుననీ 1935 తరవాత డెన్మార్కులోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో వింగె చూపించాడు. అది ఒక బీరు కంపెనీ పెట్టిన ప్రయోగశాల. పెట్టుబడి తన సరుకు కోసం పెంచిన సూక్ష్మజీవి, మానవజాతి యావత్తుకూ పనికివచ్చే జ్ఞానానికి ఆధారమైంది.

3

ఇక్కడ ఒక చేదు అధ్యాయాన్ని దాటవేయడం చరిత్రకారుడికి తగదు.

వంశపారంపర్య శాస్త్రాన్ని ఆ రోజుల్లో ఎవరు ఎలా వాడుకున్నారో మొదట చూడాలి. 1927లో అమెరికా సుప్రీంకోర్టు, బుద్ధిమాంద్యం ఉన్నదని ముద్రపడినవాళ్లకు బలవంతంగా సంతానం లేకుండా చేయడం చట్టబద్ధమేనని తీర్పు చెప్పింది. 1933లో హిట్లర్ ప్రభుత్వం అదే పనికి చట్టం చేసింది. ఆ దారి ఎక్కడికి పోయిందో లోకానికి తెలుసు. జన్యువు అన్న మాట వింటేనే శ్రామికవర్గ ఉద్యమాలకు అనుమానం కలగడంలో ఆశ్చర్యం లేదు.

కాని అనుమానం వేరు, సత్యనిరాకరణ వేరు. సోవియట్ భూమిలో ట్రోఫిం లైసెంకో జన్యువు అన్నదే బూర్జువా కల్పన అన్నాడు. పరిస్థితుల్ని మార్చి ధాన్యపు స్వభావాన్ని కొద్ది తరాలలో మార్చివేస్తానన్నాడు. 1948 ఆగస్టులో వ్యవసాయ శాస్త్ర అకాడమీ సమావేశంలో, తన నివేదికను పార్టీ కేంద్రసంఘం ఆమోదించిందని ప్రకటించాడు. అంతటితో చర్చ ముగిసింది. జన్యుశాస్త్రజ్ఞులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, ప్రయోగశాలలు మూతపడ్డాయి. అంతకుముందే, ప్రపంచం నలుమూలలా తిరిగి పంటమొక్కల విత్తనాలు సేకరించిన మహా శాస్త్రజ్ఞుడు నికొలాయ్ వావిలోవ్‌ను 1940లో నిర్బంధించారు. 1943 జనవరిలో ఆయన సరాతోవ్ జైలులో మరణించాడు. లైసెంకో పెత్తనం 1965లో గాని పూర్తిగా తొలగలేదు. ఆకలిని జయించవలసిన దేశంలో ఆకలిని జయించే శాస్త్రాన్నే పడగొట్టారు. దీన్ని శత్రువుల ప్రచారమని కొట్టిపారేయడం ఇంకా కొందరికి అలవాటుగా ఉంది. అది ఆత్మవంచన.

అదే కాలంలో పారిస్‌లో జరిగినదాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. రష్యాలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన బోరిస్ ఎఫ్రుస్సీ, 1949లో ఈస్టులోనే ఒక వింతను చూపించాడు. అక్రిఫ్లేవిన్ అనే రంగుపదార్థం తగిలిన ఈస్టులో గిడసబారిన కణాల గుంపులు పుట్టుకొస్తాయి. ఆ గిడసతనం తరతరాలకూ దిగివస్తుంది. కాని క్రోమోజోముల లెక్క ప్రకారం దిగిరాదు. అంటే వంశపారంపర్యం కేంద్రకం బయట కూడా ఉంది! మామూలు జన్యుశాస్త్రానికి ఇది ఇబ్బందికరమైన నిజమే. ఐతే ఎఫ్రుస్సీ ఆ నిజాన్ని పట్టుకుని జన్యువులే లేవని కేకలు వేయలేదు. సంకరాలు చేశాడు, లెక్కించాడు, ఇతరులు మళ్లీ చేసి చూసుకునేట్టు ప్రకటించాడు. శ్వాసక్రియ జరిపే మైటోకాండ్రియాలకు సొంత డి.ఎన్.ఎ. ఉండటమే ఆ వింతకు కారణమని తరవాత తేలింది. జన్యుశాస్త్రం కూలిపోలేదు, విశాలమైంది. పాత సిద్ధాంతాన్ని ప్రశ్నించడం లైసెంకో నేరం కాదు. ప్రశ్నకు ప్రయోగం చేత జవాబు రాబట్టవలసిన చోట అధికారం చేత రాబట్టడమే నేరం.

4

1953లో డి.ఎన్.ఎ. నిర్మాణం తెలిసింది. నాలుగు అక్షరాల లిపి అన్నారు. లిపి అనగానే తలరాతవాదులకు ప్రాణం లేచివచ్చింది. రాత ఉండనే ఉంది, ఇక చదవడమే తరువాయి అనుకున్నారు. కాని లిపి ఉన్నంతమాత్రాన గ్రంథం తనను తాను చదువుకోదు. ఏ పుట ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు మూడు దారుల్లో వచ్చింది.

మొదటి దారి కణవిభజన గురించినది. అమెరికాలోని సియాటిల్ నగరంలో లేలండ్ హార్ట్‌వెల్ 1970 ప్రాంతంలో ఒక యుక్తి పన్నాడు. కణవిభజనకు అవసరమైన జన్యువు చెడితే ఈస్టు చచ్చిపోతుంది. చచ్చినదాన్ని పరిశీలించేది ఎలా? చల్లని చోట బాగానే పెరిగి, 36 డిగ్రీల వేడిలో మాత్రమే ఆగిపోయే కణాల్ని ఆయన ఏరాడు. ఈస్టు మొగ్గ తొడిగి పెరుగుతుంది. మొగ్గ పరిమాణాన్ని బట్టి కణం విభజనలో ఏ మెట్టు మీద ఉందో తెలిసిపోతుంది. ఒకానొక జన్యువు చెడిన కణాలన్నీ వేడిచేయగానే ఒకే మెట్టు దగ్గర, ఒకే ఆకారంలో ఆగిపోతున్నట్టు ఫొటోలలో గమనించినవాళ్లలో బ్రయన్ రీడ్ అనే డిగ్రీ విద్యార్థి ఉన్నాడు. మన విద్యార్థులు ఈ సంగతి గమనించాలి. ఇటువంటి జన్యువుల్ని కణవిభజన చక్రపు జన్యువులన్నారు.

బ్రిటనులో పాల్ నర్స్ మరొక జాతి ఈస్టు మీద ఇదే పని సాగించాడు. ఆ జాతిని మొదట వేరుచేసింది తూర్పు ఆఫ్రికా జనం కాచుకునే చిరుధాన్యపు బీరు నుంచి. స్వాహిలీలో ఆ పానీయానికి ఉన్న పేరే, పోంబె అని, ఆ జాతి శాస్త్రనామంలో నిలిచిపోయింది. ఆ ఈస్టులో విభజన జన్యువు చెడితే, మనిషి జన్యువు తెచ్చిపెట్టినా పని నడుస్తుందని 1987లో నర్స్ బృందం చూపించింది. కల్లుకుండలోని కణానికీ, రాజుగారి వంట్లోని కణానికీ చీలే పద్ధతి ఒకటే. రక్తభేదాల గురించి ఉపన్యసించేవాళ్లకు ఇంతకంటె వినయం నేర్పే పాఠం లేదు. హార్ట్‌వెల్, నర్స్, హంట్‌లకు 2001లో నోబెల్ బహుమానం వచ్చింది.

రెండవ దారి క్రొమాటిన్ గురించినది. ఈస్టు డి.ఎన్.ఎ.ను పోగుగా సాగదీస్తే దాదాపు 4 మిల్లీమీటర్లు ఉంటుంది. దాన్ని ఉంచవలసిన కేంద్రకం అడ్డుకొలత మిల్లీమీటరులో సుమారు ఐదువందలవ వంతు. మరి ఎలా పడుతుంది? 1974లో రోజర్ కోర్న్‌బర్గ్ జవాబు చెప్పాడు. ఎనిమిది హిస్టోన్ అణువులు కలిసి ఒక కండె అవుతాయి, డి.ఎన్.ఎ. పోగు ఆ కండెకు రెండు చుట్లకు కొంచెం తక్కువగా చుట్టుకుంటుంది. అటువంటి కండెలు వరసగా దండలో పూసల్లా ఉంటాయి. వీటికి న్యూక్లియోసోములని పేరు. ఒక్కొక్క కండె మీద 147 అక్షరాల జతలు పడతాయి.

చాలాకాలం దీన్ని ఉత్త మూట కట్టే ఏర్పాటు అనుకున్నారు. కాని మూటలో ఉన్న అక్షరం చదవడానికి అందదు గదా! 1988లో హాన్, గ్రున్‌స్టైన్ ఈస్టులో హిస్టోన్ల సరఫరా తగ్గించి చూస్తే, అంతవరకు మూగగా ఉన్న కొన్ని జన్యువులు పలికాయి. అంచేత మూటకట్టడమే జన్యువు నోరు మూయడం కూడా. మరి అవసరమైనప్పుడు ఆ నోరు తెరిపించేది ఎవరు?

5

దీనికి జవాబు మూడవ దారిలో, క్రొమాటిన్‌తో ఏమీ సంబంధం లేదనుకున్న ఇద్దరి పనిలో దొరికింది.

న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో మేరియన్ కార్ల్‌సన్, పంచదారను వాడుకోలేని ఈస్టు కణాల్ని ఏరుతున్నది. గ్లూకోజు ఉన్నంతకాలం పంచదారను విడగొట్టే జన్యువును ఈస్టు మూసి ఉంచుతుంది. గ్లూకోజు అయిపోతే తెరుస్తుంది. తెరవడం చేతగాని కణాలలో చెడిన జన్యువులకు, పంచదార పులియనివి అన్న అర్థంలో, ఎస్.ఎన్.ఎఫ్. అని పేరు పెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐరా హెర్స్కోవిట్జ్, ఈస్టు తన లింగాన్ని మార్చుకునే తీరు పరిశీలిస్తూ, ఆ మార్పుకు కావలసిన జన్యువులు కొన్ని కనిపెట్టాడు. మార్చడం అన్న అర్థంలో వాటికి ఎస్.డబ్ల్యు.ఐ. అని పేరు. ఇద్దరి పత్రాలూ 1984లో వచ్చాయి. ఒకరిది తిండి సమస్య, ఒకరిది పెళ్లి సమస్య. 1990ల మొదట్లో తేలిందేమంటే, ఒకరి రెండవ నంబరు జన్యువూ ఇంకొకరి రెండవ నంబరు జన్యువూ ఒకటే!

ఆ జన్యువు తయారుచేసే ప్రోటీను చేసే పనేమిటి? 1992లో హిర్ష్‌హార్న్, విన్‌స్టన్ ప్రభృతులు చూపిన నిదర్శనం సులభంగా అర్థమయ్యేది. ఎస్.ఎన్.ఎఫ్. జన్యువు చెడిన ఈస్టులోనే, హిస్టోన్లు తయారుచేసే జన్యువుల జతలో ఒకదాన్ని కూడా తీసివేస్తే, కణం మళ్లీ పంచదార పనికి వస్తుంది. తలుపు విప్పేవాడు లేనప్పుడు, తలుపు బిగింపే వదులైతే విప్పేవాడి అవసరం తగ్గుతుంది. కనక ఆ ప్రోటీను పని హిస్టోన్ల కండెల్ని సడలించడమేనని తేలింది. 1994లో ఆ ప్రోటీనుల సముదాయాన్ని శుద్ధి చేసి, పరీక్షనాళికలోనే ఆ పని జరిపించి చూపారు. అది కణపు ఇంధనమైన ఏ.టి.పి.ని ఖర్చుపెట్టి, కండెల్ని కదిలించే యంత్రం. రాత తనంతట తాను తెరుచుకోదు. తెరవడానికి శ్రమ కావాలి, ఇంధనం కావాలి.

1992లోనే మన కథానాయిక ప్రవేశించింది. లారెంట్, యాంగ్, కార్ల్‌సన్ ఎస్.ఎన్.ఎఫ్.2ను పోలిన మరొక జన్యువును ఈస్టులో కనిపెట్టి, రెండవదాని పోలిక అన్న అర్థంలో ఎస్.టి.హెచ్.1 అన్నారు. అదే సంవత్సరం హిరోషిమా విశ్వవిద్యాలయంలో ఎయికో సుచియా, మియకావా ప్రభృతులు, కేంద్రకంలో ఉండే ఒక పెద్ద ప్రోటీనును తయారుచేసే కొత్త కణవిభజన జన్యువు గురించి ప్రకటించి, ఎన్.పి.ఎస్.1 అన్నారు. రెండూ ఒకటే. ఒకరు పోలికను బట్టి వచ్చారు, ఇంకొకరు పనిని బట్టి వచ్చారు. 1945లో మనిషి చేతిలోని విజ్ఞానం బూడిదచేసిన నగరం పేరున్న విశ్వవిద్యాలయంలో, కణం ఎలా వృద్ధి చెందుతుందో చెప్పే పని సాగిందన్న సంగతి శాంతి ఉద్యమాన్ని ఎరిగినవారికి నిండు అర్థంతో తోస్తుంది.

ఎస్.ఎన్.ఎఫ్.2 లేకపోయినా ఈస్టు ఈసురోమంటూ బతుకుతుంది. ఎస్.టి.హెచ్.1 లేకపోతే బతకదు. డి.ఎన్.ఎ. రెట్టింపవుతుంది, మొగ్గ పెద్దదవుతుంది, సరిగ్గా చీలవలసిన గడప దగ్గర కణం నిలిచిపోతుంది. ఎందుకు? 1996లో కెయిర్న్స్, కోర్న్‌బర్గ్ ప్రభృతులు ఈ జన్యువు తయారుచేసే ప్రోటీను ఒంటరిగా లేదనీ, పదిహేను భాగాల యంత్రానికి అది ఇంజను వంటిదనీ చూపారు. క్రొమాటిన్ నిర్మాణాన్ని మార్చేది అన్న అర్థంలో ఆ యంత్రానికి ఆర్.ఎస్.సి. అని పేరు. పాత యంత్రం కంటె ఇది కణంలో కనీసం పదిరెట్లు ఎక్కువగా ఉంటుంది. తరవాత సుచియా బృందం 1998లోనూ, లారెంట్ బృందం 2003, 2004లలోనూ విభజనతో సంబంధాన్ని విప్పి చెప్పాయి. క్రోమోజోమును రెండు వైపులకూ లాగే దారాలు ఎక్కడ తగులుకుంటాయో ఆ నడిమి ముడి దగ్గర క్రొమాటిన్ సరైన ఆకృతిలో ఉండటానికి ఈ యంత్రం కావాలి. జంట పోగులు వేళ వచ్చేదాకా విడిపోకుండా బంధించే ప్రోటీను కట్టు క్రోమోజోము చేతుల మీద కుదురుకోడానికీ ఇదే కావాలి. ఇది లేకపోతే రాత రెట్టింపైనా పంపకం జరగదు.

చదవడానికి మూట విప్పే కుటుంబానికి చెందిన యంత్రమే, పంచడానికి మూటను సిద్ధం చేయడంలోనూ పాలుపంచుకుంటున్నది. జన్యువుల పలుకూ కణాల చీలికా అని మనం పుస్తకాల్లో విడివిడి అధ్యాయాలుగా రాసుకున్నవి కణంలో విడివిడిగా లేవు.

6

ఇప్పుడు బ్రహ్మ సంగతికి వద్దాం. ఈగలలో శరీరభాగాలు ఎక్కడివక్కడ ఏర్పడటానికి కావలసిన ఒక జన్యువును అమెరికాలో కెన్నిసన్, టామ్‌కన్ 1988లో కనిపెట్టారు. దానికి పెట్టిన పేరు నిజంగానే బ్రహ్మ. మన దేవుడి పేరే. 1992లో దాని అక్షరాలు చదివి చూస్తే, అది ఈస్టులోని ఎస్.ఎన్.ఎఫ్.2కు చుట్టమని తేలింది. 1993లో మనిషిలోనూ అటువంటివి రెండు దొరికాయి. ఒకదాని పేరు బి.ఆర్.ఎం., అంటే బ్రహ్మ. రెండవదాని పేరు బి.ఆర్.జి.1, అంటే బ్రహ్మను పోలిన మొదటి జన్యువు. దీన్ని పట్టుకుని మన పూర్వులకు క్రొమాటిన్ తెలుసునని ఎవరైనా బయలుదేరితే నవ్వి ఊరుకోవాలి. పేరు పెట్టింది ఇరవయ్యవ శతాబ్దపు ప్రయోగశాలలో.

ఐనా ఆ పేరులో అనుకోని చమత్కారం ఒకటుంది. మన బ్రహ్మ నొసట రాసి వెళ్లిపోతాడు, మళ్లీ తిరిగి చూడడు. కణంలోని ఈ బ్రహ్మ ఒక్క అక్షరమూ రాయదు. రాసి ఉన్నదాన్ని, పరిస్థితిని బట్టి, ఒకచోట తెరుస్తుంది, మరొకచోట మూతపడటానికి తోడ్పడుతుంది. మన ఒంట్లో కాలేయపు కణానికీ, నరపు కణానికీ రాత దాదాపు ఒకటే. తేడా అంతా ఏ పుట తెరిచి ఉన్నదన్నదే.

ఇది పండితుల వినోదం కాదని 1998లో తెలిసింది. పసిపిల్లలకు వచ్చే ఒక భయంకరమైన క్యాన్సరులో, ఈ యంత్రంలోని ఒక భాగానికి సంబంధించిన జన్యువు పోయి ఉంటుందని పారిస్ శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ఈస్టులో దాని చుట్టాలు ఎస్.ఎన్.ఎఫ్.5, ఎస్.ఎఫ్.హెచ్.1. ఈ ఎస్.ఎఫ్.హెచ్.1, ఎస్.టి.హెచ్.1తో కలిసి పనిచేసేదే. అది కణవిభజన సాగడానికి అవసరమని 1997లోనే తెలిసింది. మనిషికి వచ్చే క్యాన్సర్లలో దాదాపు ఐదింట ఒకవంతులో ఈ యంత్రాల భాగాలేవో చెడి ఉన్నాయని 2013లో లెక్క తేల్చారు. పంచదార తినలేని ఈస్టును ఏరినప్పుడు ఇది ఎవరూ ఊహించలేదు. తక్షణ లాభం చూపించని పరిశోధనకు డబ్బెందుకని అడిగే ప్రభుత్వాలకు ఇదే సమాధానం.

7

ఈ చరిత్ర నుంచి మనం తీసుకోవలసిన నిర్ణయాలేమిటి?

మొదటిది: రాత ఉంది. దాన్ని కాదనడం భౌతికవాదం కాదు. అక్షరం చెడితే కణం చస్తుంది, బిడ్డకు రోగం వస్తుంది. ఈ మధ్య కొందరు క్రొమాటిన్ సంగతులు చూపించి, లైసెంకో చెప్పింది నిజమైందని అంటున్నారు. కాలేదు. క్రొమాటిన్‌ను కదిలించే యంత్రాలు కూడా జన్యువుల చేత తయారైనవే. జన్యువును నిరాకరించినవాడికి ఎస్.టి.హెచ్.1 కనిపించేదే కాదు.

రెండవది: రాతే సర్వస్వం కాదు. చక్కెర ఉందా లేదా, వేడి ఎంత, పొరుగు కణం ఏమంటున్నది, వీటన్నిటినీ బట్టి రాత పలుకుతుంది. ఒక ఈస్టు కణం విషయంలోనే ఇంత సంబంధాల వల ఉంటే, భాషా సమాజమూ శ్రమా ఉన్న మనిషి బతుకును ఒక జన్యువుకు కట్టివేయడం శాస్త్రం పేరు పెట్టుకున్న మూఢనమ్మకం. ఐతే కణాన్ని చూసి సమాజాన్ని నిరూపించబోవడం కూడా అదే పొరపాటుకు మరో ముఖం. కులం అన్యాయమని చెప్పడానికి ఈస్టు సాక్ష్యం అక్కరలేదు. కులం న్యాయమని చెప్పేవాడికి మాత్రం ఈస్టు సాక్ష్యం దొరకదు. జోలా 1871 మొదలు 1893 వరకు రాసిన ఇరవై నవలల్లో ఒక కుటుంబపు రక్తదోషాన్ని వెంటాడాడు. ఐనా ఆ నవలలు నిలిచింది రక్తం మూలాన కాదు, గనులనూ బజార్లనూ చూపించినందు మూలాన. మన విమర్శకులు పాత్రల స్వభావాన్ని చర్చించేటప్పుడు ఈ తేడా మరిచిపోరాదు.

మూడవది: ఈ జ్ఞానం ఎవరిది? ఈస్టు శాస్త్రజ్ఞులు మొదటి నుంచీ తమ కణాల్ని ఒకరికొకరు పంచుకున్నారు. 1970 నుంచి కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో వేసవి తరగతులు పెట్టి విద్య నేర్పారు. 1996లో ఈస్టు రాత మొత్తం, సుమారు కోటీ ఇరవై లక్షల అక్షరాల జతలు, దాదాపు 6,000 జన్యువులు, అనేక దేశాలకు చెందిన ఆరువందల మందికి పైగా శాస్త్రజ్ఞుల సమష్టి శ్రమతో పూర్తయి, అందరికీ అందుబాటులోకి వచ్చింది. దాని పక్కనే మరొక దృశ్యం ఉంది: మనిషి జన్యువుల మీద పేటెంట్లు తీసుకుని, రోగుల దగ్గర పరీక్షలకు వేలకు వేల డాలర్లు రాబట్టిన కంపెనీలు. ఒంటినుంచి తీసినంతమాత్రాన సహజ జన్యువు సొంత సొత్తు కాదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పడానికి 2013 దాకా పట్టింది. మన హైదరాబాదులోనే 1997లో శాంతా బయోటెక్నిక్స్, ఒక జాతి ఈస్టు చేత కామెర్ల టీకా చేయించి, విదేశీ టీకా ధరను దించింది. 2009లో ఆ సంస్థ ఫ్రెంచి బహుళజాతి కంపెనీ సనోఫీ చేతికి పోయింది. ఈస్టు అందరికీ పనిచేస్తుంది. పని ఫలం ఎవరికి చేరుతుందన్నది ఈస్టు తేల్చేది కాదు.

కనక మన ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఉన్న బాధ్యత చిన్నది కాదు. జీవశాస్త్రం చదివేవాళ్లకే ఈ విషయాలు వదిలివేస్తే, తలరాతవాదం దొడ్డిదారిన మన తరగతుల్లోకి వస్తుంది. సాహిత్యం చెప్పేవాళ్లు, చరిత్ర చెప్పేవాళ్లు కూడా వీటిని తెలుగులో, తేలిక మాటల్లో, తప్పు లేకుండా చెప్పగలగాలి. శాస్త్రానికి పార్టీ ఆజ్ఞ అక్కరలేదు, దేవుడి అనుమతి అక్కరలేదు. కాని శాస్త్రం ఫలం ప్రజలకు చేరడానికి ప్రజల పోరాటం కావాలి. “వాడి రక్తమే అంత” అనే ఉపాధ్యాయుడికి మనం చెప్పవలసిన మాట ఒకటే: రక్తాన్ని తిట్టకముందు, ఆ పిల్లవాడికి ఎన్ని తలుపులు తెరిచామో లెక్క చూసుకుందాం.